మూడో నంబరు కోటు

ఇంకా ఒక గంటా నాలుగు నిమిషాలు అంటోంది కొత్త కంప్యూటరు. పాతదాంట్లోంచి ఊడదీసిన హార్డ్‌డిస్కు టేబుల్ మీద వెల్లకిలా పడి ఉంది. అందులోని ఆరేళ్ల పని ఒక సన్నటి వైరు గుండా కొత్తదానిలోకి పాకుతోంది, తెర మీద ఆకుపచ్చ గీత చీమ నడకలా జరుగుతోంది, రజని దాన్ని చూస్తూ పళ్లు నూరుకుంటోంది. నూరుకోక ఏం చేస్తుంది? ఫ్లెక్సీలు డిజైను చేసే తన దుకాణం షట్టరు అవతల ప్లాస్టిక్ స్టూలు మీద మేడిపల్లి భూమయ్య పది గంటల నుంచి కూర్చుని ఉన్నాడు, కొడుకు ఫ్లెక్సీ కోసం. కొడుకు మధు దుబాయిలో చనిపోయి పదిహేడు రోజులైంది. సాయంత్రం నాలుగింటికి పెట్టె ఇంటికి వస్తుంది, అది వచ్చేలోగా వాడకట్టు మొదట్లో ఫ్లెక్సీ నిలబడాలి. కాపీ అయ్యేదాకా మిషను వేరే పని చేయదు, కొంచెం ఆగమని చెప్పింది రజని. అబద్ధం. కాపీ ఒక పక్క అవుతుంటే నాలుగు పనులు ఇంకో పక్క చేసుకోవచ్చు, అందుకే కదా జగిత్యాల దాకా పోయి ఇంత పెద్దది కొన్నది. ముసలాయన నమ్మాడు. నమ్మి, తలపాగా విప్పి మోకాళ్ల మీద పెట్టుకుని, కోరుట్ల బస్టాండుకు వచ్చీపోయే బస్సులను చూస్తున్నాడు. ఒక్కసారైనా తొంగిచూసి ఇంకెంతసేపని కసిరితే బాగుండును, తనూ తిరిగి కసిరేది, లెక్క సరిపోయేది. ఆయన కసరడు. ఆ ఓపిక చూస్తుంటే రజనికి ఒళ్లు మండుతోంది.

అబద్ధం ఎందుకంటే, బోణి కాలేదు. క్యాబినెట్టు నెత్తిన కుంకుమ బొట్టు, చుట్టూ బంతిపూల దండ, తెర కింద నిమ్మకాయ, ఇవన్నీ అత్త నర్సవ్వ పొద్దున్నే వచ్చి చేసిన ఏర్పాట్లు. పెళ్లి కార్డో, సీమంతమో, చిన్నపిల్ల పుట్టినరోజో, ఏదో ఒక శుభంతో బోణి చెయ్యాలి, చావు ఫ్లెక్సీతో మాత్రం చెయ్యొద్దని రజని చేత ఒట్టు వేయించుకుని మరీ వెళ్లింది. కొడుకు గణేశ్ దూరదేశంలో ఉన్నాడు, ఆ భయం ఆమెది. గణేశ్ ఉన్నది కువైట్లో, కానీ ఇక్కడ ఎవరినడిగినా దుబాయిలో ఉన్నాడంటారు, సముద్రం దాటితే అంతా దుబాయే. పోనీ మామూలుగా భయపడే మనిషి కాదు నర్సవ్వ, నిన్న జరిగిందానితో భయపడింది, ఆ జరిగిందాంట్లో తప్పు రజనిదే. జగిత్యాలలో మిషను ఆటో ఎక్కించాక ఫోను చేసి, అత్తమ్మా పెట్టె అచ్చింది, ఇంటికి తెస్తున్న, అంది. అంతే. అటువైపు ఏడుపు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పెట్టె వచ్చింది అంటే ఒకటే అర్థం, ముందు ఆ మాట ఒక్కటే ఇంటికి వస్తుంది, వెనకాల మనిషి పెట్టెలో శవమై వస్తాడు. ఆటో వీధి మలుపు తిరిగేసరికి ముప్పై మంది వాకిట్లో ఉన్నారు. నర్సవ్వ నేల మీద పడి దొర్లుతోంది. అట్టపెట్టె మీద కంప్యూటరు బొమ్మ కనిపించేదాకా ఏడుపు ఆగలేదు.

"పెట్టె అని ఎందుకంటివే? కంప్యూటర్ అంటే నోరు నొస్తదా నీకు?" అని కొంగుతో ముఖం తుడుచుకుంటూ అడిగింది అత్త.

రజని అట్టపెట్టెను వాకిట్లోంచి లోపలికి మోసింది. సిగ్గు, జాలి, నవ్వు అన్నీ కలిసి చివరికి కోపమే అయ్యాయి. అట్టపెట్టెను పెట్టె అనే వీలు కూడా లేకుండా చేశారే, ఎవరు చేశారో ఒక్కడి పేరు చెబితే వెళ్లి గల్లా పట్టుకోవాలనిపించింది. ఒక్కడైతే కదా. వీసా ఇప్పించిన ఏజెంటా, ఎండిన బోరుబావా, సముద్రం అవతలి కంపెనీయా, పోతే పోనీ అని సంచి సర్దిచ్చిన తనా? కోపానికి ఎదురుగా ఒక ముఖం కావాలి, అది దొరకదు, అందుకే దారిన పోయేవాళ్ల మీదికి పోతుంది. నిన్న జగిత్యాల దుకాణంలో అలాగే పోయింది. తను కావలసిన సరుకంతా కాగితం మీద రాసుకుని పోయింది, ఎంత మెమరీ, ఏ కార్డు, ఎంత తెర. దుకాణదారు కాగితం తన చేతిలోంచి తీసుకుని, ఆటో డ్రైవరు వైపు తిరిగి, అన్నా ఇది మామూలు కంప్యూటర్ కాదు, వర్క్‌స్టేషన్, అని మొదలుపెట్టి పావుగంట ఆయనకే వివరించాడు. పాపం ఆటో డ్రైవరు మధ్యమధ్యలో తల కూడా ఊపాడు. ఇంతకీ ఎవరు నడుపుతారన్నా, అని అడిగాడు దుకాణదారు. నేను, అంది రజని, పక్క గల్లీకి వినబడేలా.

ఫోను మోగింది. వీరేందర్. ఆయన ఒక నాయకుడి వెంట తిరిగే మనిషి, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలు ఆరు కావాలని నిన్నటి నుంచి వెంటపడుతున్నాడు, ఫోటో మాత్రం పంపడు. సారు కొత్త ఫోటో దిగుతున్నారు, అర్ధగంటలో పంపుతా, పని ఎవరికీ ఇవ్వకు అన్నాడు. సరే అంది. సరే అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. అంటే ఇప్పుడు బోణికి పనికొచ్చే మంగళకరమైన ముఖం ఆ నాయకుడిదన్నమాట. ఆ ముఖం కోసం భూమయ్యను స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆ ముఖం తనకు కొత్తా? చావు ఫ్లెక్సీల మీద ఎన్నిసార్లు అతికించింది కాదు. కన్నీటి నివాళి అని రాస్తారు, పైన వరసగా నలుగురు నాయకులు చేతులు జోడించి నవ్వుతూ ఉంటారు, వాళ్ల తలకాయలు చనిపోయినవాడి తలకాయ కంటే పెద్దవిగా ఉండాలి, కొంచెం తగ్గినా ఫోన్లు వస్తాయి. కింద ఒక మూల పిల్లవాడు. ఎడారిలో ఏడేళ్లు చాకిరీ చేసి, పడుకున్నచోటే గుండె ఆగి, చివరికి తన సొంత ఫ్లెక్సీ మీద కూడా అద్దెకున్నట్టు ఒదిగి ఉంటాడు. ఒకసారి రజని పిల్లవాడి బొమ్మ పెద్దది చేసి పంపింది. రాత్రికి రాత్రే దాన్ని పీకించి వేరే దుకాణంలో కొత్తది చేయించారు. అప్పటి నుంచి నోరు మూసుకుని చెప్పిన కొలతలే పెడుతోంది. నోరు మూసుకున్న ప్రతిసారీ లోపల ఎక్కడో మిగులుతుంది కాబోలు, ఇవాళ ఇంత కోపం ఊరికే ఎలా వస్తుంది.

నలభై ఒక్క నిమిషాలు. మొదటి సగం అయింది, రెండో సగం మొదలైంది. పాతదాంట్లో ఫోటోలు రెండు చోట్ల చెల్లాచెదురుగా ఉండేవి, కొత్తదాంట్లో అన్నీ ఒక్కచోట చేర్చుకుందామని ముందే అనుకుంది. చిన్నచిన్న బొమ్మలుగా ముఖాలు తెర మీద పరుగెత్తుతున్నాయి. కోట్లు అనే ఫోల్డర్ వచ్చింది. అందులో తలలు లేని కోట్లు ఆరు, ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు. దుబాయి నుంచి వచ్చే ఫోటోలన్నీ ఒకే తీరు, పసుపు జాకెట్టు, నెత్తిన హెల్మెట్టు, వెనకాల ఇసుకో ఇనుమో. ఇంటివాళ్లు అలా చూడలేరు. కోటు వేయమ్మా అంటారు. తల తీసి కోటు మీద పెడుతుంది, మెడ దగ్గర రంగు కలుపుతుంది, వెనకాల నీలం ఆకాశం. ఈ చేతిపని సిరిసిల్లలో నేర్చుకుంది, పెళ్లికి ముందు, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద నేసే చీరలకు కంప్యూటరులో అంచులు గీసే ఆఫీసులో. తెర మీద ఒక్కో గడి ఒక్కో పోగు, మామిడిపిందె ఒంపు తిరగాలంటే గడి తర్వాత గడి నింపాలి, తప్పిన గడి నేతలో తప్పిన పోగు. ఆఫీసు గోడ అవతల సాంచాల చప్పుడు ఎంత ఉండేదంటే పక్క సీటు అమ్మాయితో సైగలతో మాట్లాడుకునేవాళ్లు. ఒకరోజు ఆ చప్పుడు ఆగింది. ఆర్డర్లు లేవన్నారు, నేసేవాళ్లు భివండికీ సూరత్‌కీ మూటలు కట్టారు, ఆఫీసుకు తాళం పడింది. ఆ నిశ్శబ్దంలో తన మాట తనకే పెద్దగా వినిపించి భయపడింది. చీర అంచులు గీసిన చేయి ఇప్పుడు చచ్చిన మగవాళ్లకు కోట్లు తొడుగుతోంది. ఎదుగుదల అంటే ఇదే మరి.

గీత ఆగిపోయింది. తెర మధ్యలో ఒక చిన్న డబ్బా తెరుచుకుంది. గణేశ్ అనే పేరుతో ఇక్కడ ఇప్పటికే ఒక ఫైలు ఉంది, దాన్ని తీసేసి దీన్ని పెట్టాలా, వద్దా, రెండూ ఉంచాలా అని అడుగుతోంది. రజని ఆ పేరు మళ్లీ చదివింది. ఒక గణేశ్ సారంగాపూర్ పిల్లవాడు, రెండేళ్ల క్రితం ఈ వేళకే వాళ్లన్న వచ్చి ఇదే స్టూలు మీద కూర్చున్నాడు. ఇంకో గణేశ్ తన మొగుడు. కువైట్ పోయే ముందు రోజు దుకాణానికి వచ్చి, నాకో కోటేసి పెద్ద ఫోటో చెయ్యి, ఇంట్లో ఉంటది, అని ప్రాణం తీశాడు. కోటు లేకపోతే మొగుడివి కావా అని నవ్వుకుంటూనే అప్పుడే కొత్తగా తయారు చేసిన మూడో నంబరు కోటు వేసింది. భుజాలు అచ్చంగా సరిపోయాయి. అందరికీ సరిపోయే కోటు అది, అదే దాని గొప్ప. తర్వాత సారంగాపూర్ గణేశ్‌కు వేసింది. తర్వాత ఇంకొకరికి. లెక్కపెట్టింది, వద్దనుకుంటూనే వేళ్ల మీద లెక్కపెట్టింది, ఏడుగురు. మనిషి పోతే ఒంటి మీది బట్టలు ఊరవతల విడిచి వస్తారు, ఎంత లేనివాడైనా వాటిని ముట్టడు. ఏడుగురు పోయినవాళ్లు తొడిగిన కోటు తొడుక్కుని గణేశ్ ముందుగదిలో గోడ మీద ఉన్నాడు, నర్సవ్వ రోజూ పొద్దున్నే దాన్ని కొంగుతో తుడుస్తుంది. ఎంత తెలివితక్కువ దానివే రజనీ. బోణి గురించి ఒట్లట, నిమ్మకాయలట. రెండూ ఉంచు అని నొక్కింది. మిషను ఒక్క క్షణం ఆలోచించి, వెనక వచ్చిన పేరు పక్కన బ్రాకెట్టులో రెండు అని తగిలించింది. వెనక వచ్చింది తన మొగుడు. ఎవరు బతికున్నారో ఎవరు పోయారో దానికేం తెలుసు, దానికి అందరూ ఫైళ్లే.

తల ఎత్తేసరికి భూమయ్య గడప దగ్గర నిలబడి ఉన్నాడు. మంచినీళ్లు అడగడానికి వచ్చాడు. బాటిలు అందుకున్నాడు కానీ తాగలేదు, ఆయన చూపు దండ మీద, బొట్టు మీద, నిమ్మకాయ మీద ఆగింది. చొక్కా పై గుండీలు ఊడి ఉన్నాయి, ఛాతీ మీద నల్లగా కాయకాచిన చర్మం, కల్లు గీతకు ఏళ్ల తరబడి తాటిచెట్టును కావలించుకుంటే వచ్చే మచ్చ. పుట్టిన ఊరు చందుర్తిలో రజని తండ్రి ఎల్లేశంకు సరిగ్గా అక్కడే ఉండేది. చిన్నప్పుడు దాన్ని వేలితో గీకి, నొప్పి లేదా బాపూ అని అడిగేది.

"కొత్త మిషనా బిడ్డా ఇది?"

అవును తాతా, అంది.

"బోణి అయ్యిందా?"

ఆమె నిమ్మకాయను తెర వెనక్కి జరిపింది. ఆయనకు అర్థమైంది. ఇంటాయన ఎక్కడ ఉంటాడని అడిగాడు. కువైట్ అని చెప్పింది. ఆయన బాటిలు తీసుకొచ్చి టేబుల్ అంచున మెల్లగా పెట్టాడు, తలపాగా దులిపి చుట్టుకున్నాడు.

"అయితే నా కొడుకుతోటి వద్దు బిడ్డా. నీ ఇల్లు సల్లగుండాలె. నేను మెట్‌పల్లి పోయి చేపిచ్చుకుంట, ఇంక టైమున్నది."

అప్పటికే ఒంటిగంట దాటింది, టైము లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇంతసేపు రాని కసురు ఇప్పుడైనా వస్తుందేమోనని రజని ఆయన ముఖం చూసింది, అందులో కోపం ముక్క కూడా లేదు, పరాయి ఇంటి వాకిట్లో చెప్పులతో నడిచినందుకు నొచ్చుకున్నట్టుంది అంతే. సొంత కొడుకు పెట్టెలో వస్తున్నా, ఆయన ముక్కూ మొహం తెలియని తన మొగుడు చల్లగా ఉండాలని వెళ్లిపోతున్నాడు. తనేమో మూడు గంటలుగా ఆయనకు అబద్ధం చెప్పి, ఫోటో దిగుతున్న నాయకుడి కోసం కాచుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి ఎదురుగా ఒక ముఖం కావాలని వెతుకుతున్న కోపానికి ముఖం దొరికింది. పక్కన ఆపేసిన పాత కంప్యూటరు తెరలో, నల్లటి అద్దంలో, తనదే. ఆయన మెట్టు దిగుతున్నాడు.

"బాపూ, లోపలికి రా. మిషన్ తయారైంది."

ఆయన వద్దన్నాడు. రజని లేచి వెళ్లి ఆయన చేయి పట్టుకుంది, తీసుకొచ్చి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన ఫోనులోంచి ఫోటో తీసింది. మధు నీలం డాంగ్రీలో, కంపెనీ పనిబట్టల్లో ఉన్నాడు, హెల్మెట్టు నీడ కళ్ల దాకా పడింది, ఎవరో పక్కనుంచి పిలిస్తే నవ్వబోతున్నాడు. పొద్దున ఫోను ఇస్తూనే ఆయన చెప్పాడు, వాడు పెళ్లికి కోటు కావాలని చాలా ఏడ్చాడు, నేను కుట్టించలేదు, నువ్వు వేస్తావని నలుగురూ చెప్పారు అని. అప్పుడు ఆ మాట చెవికెక్కలేదు.

ఏ రంగు కావాలన్నాడు బాపూ, అని అడిగింది. కాఫీ రంగట. ఆరింట్లో కాఫీ రంగుది లేదు. ఉన్నా తీసేది కాదు. కోట్ల ఫోల్డరు మూసేసి ఖాళీ కాగితం తెరిచింది. మొదట భుజం గీత, కొడుకు భుజాలు తండ్రివే, వంగి ఉన్నా వెడల్పు, పక్కనే ఉన్నాయి కదా చూసి గీయడానికి. తర్వాత బట్ట. గడి తర్వాత గడి, అడ్డం పోగు ముదురు, నిలువు పోగు లేత, సిరిసిల్లలో చేసినట్టే, చేయి మరిచిపోలేదు. పాత మిషనైతే ఇంత పనికి మూడుసార్లు చచ్చి లేచేది, ఇది గుక్క తిప్పుకోకుండా గీసినంత గీయనిస్తోంది. ఇంత మంచి మిషనుకు ఇదా మొదటి పని అని మళ్లీ కోపం వచ్చింది, కానీ ఈసారి కోపం చేతిలోకి దిగి పని చేసింది. కాలరు, గుండీలు, జేబు. హెల్మెట్టు తీసేశాక జుట్టు గీయాలి. ఏ పక్క పాపిడి తీసేవాడని అడిగింది. ఆయన ఆలోచించాడు, గుర్తు రాలేదు. తలపాగా తీసి తన తలే తడుముకున్నాడు. నాలాగే, ఎడమకు, అన్నాడు చివరికి. ఫోను మోగింది, వీరేందర్, ఫోటో వచ్చింది కాబోలు. మోగి మోగి ఆగింది. పైన ఎవరి ఫోటోలైనా పెట్టాలా అని అడగడం దుకాణం పద్ధతి, కాబట్టి అడిగింది.

"ఎవ్వలయి పెడ్తవు బిడ్డా? వాన్ని తెప్పియ్యమని పదిహేడు దినాలు తిరిగిన, ఎవ్వలు తల్పు తియ్యలే. వాని ఒక్కనిదే వెట్టు."

ఒక్కడిదే పెట్టింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా. పన్నెండు అడుగుల ఫ్లెక్సీ నిండా మధు కాఫీ రంగు కోటులో నవ్వబోతున్నాడు. కాపీ ఎప్పుడు పూర్తయిందో చూసుకోలేదు. ప్రింటింగుకు పంపింది, అర్ధగంటలో ఇస్తామన్నారు, అక్కడి నుంచి మేడిపల్లికి ఆటో కూడా మాట్లాడింది. సాయంత్రం నర్సవ్వకు చెప్పాలి. ఒట్టు తప్పానని చెప్పాలి, మూడో నంబరు కోటు సంగతి కూడా చెప్పి ఆ ఫోటో గోడ మీంచి దింపాలి, అరుస్తుంది, అరవనీ. భూమయ్య లేవలేదు. తెర మీది కోటునే చూస్తున్నాడు, కాలరు దగ్గరికి వేలు తీసుకెళ్లి, ముట్టుకోవచ్చో లేదో తెలియక గాలిలోనే ఆపాడు.

"గీ కోటు ఇంతకుముందు ఎవ్వలన్న తొడిగిన్రా బిడ్డా?"

"లేదు బాపూ. మధుకే కుట్టిన."

ఆయన తల ఊపాడు, లేచాడు, బాటిలు మూత తీసి అప్పుడు నీళ్లు తాగాడు. ఆయన మెట్లు దిగి రోడ్డు దాటేదాకా చూసి రజని ఫైలు మూయబోయింది. గీసిన కోటును మళ్లీ వాడుకోవడానికి దాచమంటావా అని మిషను అడిగింది. ఫోల్డరులో ఏడో నంబరు ఖాళీగా ఉంది. వద్దు అని నొక్కింది.